మామిడి : రుచియు, బలమును

మన దేశమున పండెడు ఫలములలో మామిడిపండునకు సాటి వచ్చునది మఱియొకటి లేదని పెద్దలు చెప్పుదురు. దీనికి సంస్కృతమున ఆమ్రము, చూతము, రసాలము, మాకందము అను పేర్లు కలవు. తెలుగువారి యిండ్లలో మామిడి లేనిదే శుభకార్యము జరుగదు. వాకిట కట్టు తోరణము మామిడాకులతో చేసినదే. కలశముపై నుంచునవి మామిడాకులే. ఉగాది పచ్చడిలో వగరు మామిడి పిందెది. వేసవి వచ్చినంతనే పప్పులో మామిడికాయ, జాడీలో ఆవకాయ, పళ్లెములో మామిడిపండు కనబడును. తెలంగాణమున పచ్చి మామిడి తొక్కు లేని భోజనము ఆ దినములలో అరుదు.

ఇంతగా మన జీవితముతో పెనవేసికొన్న ఈ ఫలమును మనము రుచి కొఱకే తినుచున్నామా? దానివలన దేహమునకు మేలు కలదా? కలదేని అది యెట్టిది? ఎంత తినవలెను? ఏ విధముగా తినవలెను? ఈ విషయములను తెలిసికొనుట ప్రతి విద్యార్థికిని అవసరము.

మామిడి పుట్టినిల్లు మన దేశపు ఈశాన్య భాగమును, దానిని ఆనుకొనియున్న మయన్మారు ప్రాంతమును అని వృక్షశాస్త్రజ్ఞులు భావించుచున్నారు. శాస్త్రమున దీని పేరు 'మాంజిఫెరా ఇండికా'. జీడిమామిడి, పిస్తా అను చెట్లు దీని కుటుంబమునకు చెందినవే. కేరళ తీరమునకు వచ్చిన పోర్చుగీసువారు అచటి 'మాంగ' అను మాటను తమ దేశమునకు గొనిపోగా, దాని నుండియే ఐరోపా భాషలలో ఈ పండునకు పేరు కలిగినది. ఈనాడు ప్రపంచములో మామిడిని అత్యధికముగా పండించు దేశము మనదే.

సంగారెడ్డి జిల్లా, పటాన్‌చెరు మండలములో చిట్కుల్ అను గ్రామము కలదు. హైదరాబాదు నుండి పుణె పోవు 65వ జాతీయ రహదారికి ఇది చేరువలో నున్నది. ఒకప్పుడు ఈ ప్రాంతమంతయు పొలములతోను, చెఱువులతోను నిండియుండెడిది. 1970 తరువాత పటాన్‌చెరు పరిసరములలో కర్మాగారములు వెలసినవి. బ్రతుకుతెరువు కొఱకు పలు జిల్లాల నుండియు, పలు రాష్ట్రముల నుండియు జనులు వచ్చి ఇచట నివసించుచున్నారు. వీరిలో పెక్కుమంది దినకూలీలు. ఉదయముననే పనికి పోవు తల్లిదండ్రులు వండి పెట్టిన అన్నము, పలుచని పప్పు లేక చారు, ఇవియే పెక్కు యిండ్లలో పిల్లల ఆహారము. అన్నము ఆకలిని తీర్చును గాని దేహమునకు కావలసిన సమస్తమును ఈయజాలదు. ఆ లోపమును కొంతవఱకు పూరింపగల వస్తువులలో మామిడి యొకటి. ధనవంతుల బల్లపై నున్నంత మాత్రమున అది విలాస వస్తువు కాదు. ఋతువు వచ్చినప్పుడు తోపుడుబండిపై దొరకు సామాన్యపు పండు ఒకటియైనను బిడ్డకు బలమునే యిచ్చును.

చిట్కుల్‌నకు కొలది దూరముననే, సంగారెడ్డిలో, ఫల పరిశోధన స్థానము కలదు. దేశములోని నానావిధములైన మామిడి రకములను అచట నాటి, వాని గుణములను పరిశీలించుచుందురు. అందు రుమాని, నీలం అను రెండు రకములను సంకరము చేసి యొక క్రొత్త రకమును సృష్టించిరి. సమీపమున ప్రవహించు నది పేరే దానికిని కలదు. అదియే 'మంజీరా' మామిడి. ఈ చెట్టు పొట్టిగా నుండును. పెక్కు మామిడి రకములు ఒక యేడు విరివిగా కాచి మఱుసటి యేడు విశ్రమించును. మంజీరా అట్లుగాక యేటేట కాయును. దీని పండున పీచు ఉండదు. స్వల్పమైన స్థలముగల గృహస్థుడు సైతము పెంచుకొనదగిన చెట్టు ఇది. ఇదిగాక మన రాష్ట్రములలో బంగినపల్లి, సువర్ణరేఖ, హిమాయతు, పెద్ద రసము, చిన్న రసము, చెఱకు రసము, జలాలు, కలెక్టరు మున్నగు రకము లనేకములు కలవు. వీనిలో బంగినపల్లికి 2017వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపు లభించినది.

ఇక మామిడిలో నేమున్నదో పరిశీలింతము. పచ్చికాయలో పిండిపదార్థము, ఆమ్లములు అధికముగా నుండును. అందుచేతనే దానికి ఆ పులుపు. కాయ ముదిరి పండుచున్న కొలదిని ఆ పిండిపదార్థము చక్కెరలుగా మాఱును, పులుపు తగ్గును, కండకు పసుపు వన్నె వచ్చును. ఆ పసుపు వన్నెకు ముఖ్య కారణము కెరొటీను అను పదార్థము. కావున పచ్చికాయలో స్వల్పముగా నుండు కెరొటీను పండులో పెక్కురెట్లు పెరుగును.

నూఱు గ్రాముల మామిడిపండు గుజ్జులో 80 గ్రాములకు పైగా నీరే యుండును. చక్కెరలు మొదలగు పిండిపదార్థములు సుమారు 15 నుండి 17 గ్రాములు. మాంసకృత్తులు ఒక గ్రాము కంటెను తక్కువ. క్రొవ్వు అర గ్రామైనను ఉండదు. ఇంత గుజ్జు తిన్నచో 60 నుండి 75 కిలో కెలోరీల శక్తి లభించును. అంతే తూకముగల వండిన అన్నము సుమారు 130 కిలో కెలోరీల నిచ్చును. దీనిని బట్టి రెండు సంగతులు తేటపడుచున్నవి. మొదటిది, మామిడిపండు అన్నమునకు గాని పప్పునకు గాని బదులు కాదు. రెండవది, దాని విలువ కెలోరీలలో లేదు. అందుగల విటమినులలోను, ఖనిజ లవణములలోను ఉన్నది.

వీనిలో మొదట చెప్పదగినది 'ఎ' విటమిను. పండులోని కెరొటీనును మన దేహము 'ఎ' విటమినుగా మార్చుకొనును. ఇది లోపించినచో మొదట రేచీకటి కలుగును. సంధ్యవేళ కాగానే బిడ్డ తడుముకొనుచు నడచును. తరువాత కంటి తెల్లగ్రుడ్డు తడి యారి కాంతిహీనమగును. అప్పటికిని గమనింపనిచో నల్లగ్రుడ్డు మెత్తబడి చితికి, చూపు శాశ్వతముగా పోవును. ఒకప్పుడు మన దేశమున వేలకొలది పసిబిడ్డలు ఈ కారణముచే అంధులైరి.

ఈ విపత్తును ఎదుర్కొనుటలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ గొప్ప కృషి చేసినది. ఈ సంస్థ 1918వ సంవత్సరమున నీలగిరులలోని కూనూరునందు, మెక్‌కారిసన్ అను వైద్యుని ఆధ్వర్యమున, ఒక చిన్న గదిలో ఆరంభమైనది. 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. 1969లో నేటి పేరును పొందినది. డాక్టరు సి. గోపాలన్ నాయకత్వమున అచటి శాస్త్రజ్ఞులు మన దేశపు ఆహారపదార్థముల పోషక విలువలను కొలిచి పట్టికలుగా ప్రకటించిరి. పసిబిడ్డలలో 'ఎ' విటమిను లోపమును గూర్చియు పరిశోధనలు సలిపిరి. వాని ఫలితముగా 1970లో కేంద్ర ప్రభుత్వము పిల్లలకు ఆఱు నెలల కొకసారి 'ఎ' విటమిను మందును నోటిద్వారా ఇచ్చు పథకమును ఆరంభించినది. నేడును తొమ్మిదవ నెల మొదలుకొని అయిదేండ్లు నిండులోపల బిడ్డకు ఈ మందును తొమ్మిది మారులు ఇచ్చుచున్నారు.

మందు ఉండగా పండెందులకని కొందఱు అడుగవచ్చును. మందు లోపమును తీర్చుటకు. ఆహారము లోపము రాకుండుటకు. నూఱు గ్రాముల పండులో కెరొటీను రకమును బట్టి కొన్ని వందల మైక్రోగ్రాముల నుండి రెండు మూడు వేల మైక్రోగ్రాముల వఱకు ఉండును. ఇది యంతయు విటమినుగా మాఱదు. శాస్త్రజ్ఞుల నేటి లెక్క ప్రకారము ఆహారములోని సుమారు 12 పాళ్ల బీటా కెరొటీను నుండి దేహము 1 పాలు విటమినును మాత్రమే తయారు చేసికొనగలదు. కావున ఒక్కనాడు ఒక్క పండు తిన్నంత మాత్రమున చాలదు. ఐనను ఒక సౌకర్యము కలదు. 'ఎ' విటమిను దేహములోని కాలేయమునందు నిలువయుండును. వేసవిలో కొలది వారములు పండ్లు తిన్న బిడ్డకు అందలి మేలు కొంతకాలము వఱకు నిలుచును. మామిడి లేని నెలలలో మునగాకు, తోటకూర, బొప్పాయి, గుమ్మడి మొదలగునవి ఆ పనిని కొనసాగించును. కెరొటీను దేహమునకు పట్టుటకు ఆహారములో కొంచెము నూనెయో, నేయియో ఉండవలెను. భోజనముతోపాటు మామిడిపండు తిను మన యలవాటు ఈ విషయమున మంచిదే.

రెండవది 'సి' విటమిను. పూర్వము నెలల తరబడి సముద్రయానము చేయు నావికులకు చిగుళ్లు వాచి, నెత్తురు కారి, తుదకు ప్రాణములు పోవుచుండెడివి. 1747లో జేమ్స్ లిండ్ అను బ్రిటిష్ నౌకాదళ వైద్యుడు నారింజ, నిమ్మ పండ్లు తిన్న రోగులు శీఘ్రముగా కోలుకొనుటను పరీక్ష చేసి చూపెను. ఆ పండ్లలోని మందు 'సి' విటమినని ఇరువదవ శతాబ్దమున తేలినది. మామిడిపండులోను ఇది కలదు. నూఱు గ్రాముల గుజ్జులో సుమారు 16 నుండి 36 మిల్లీగ్రాముల వఱకు ఉండును; కొన్ని రకములలో ఇంకను అధికము. 2020లో జాతీయ పోషకాహార సంస్థ వారు నిర్ణయించిన ప్రకారము దినమునకు పురుషునకు 80, స్త్రీకి 65 మిల్లీగ్రాముల 'సి' విటమిను అవసరము. ఒక నడిమి పరిమాణపు పండు తిన్నచో అందు చెప్పుకొనదగిన భాగము లభించును.

'సి' విటమిను చేయు మఱియొక మేలును విద్యార్థులు, ముఖ్యముగా బాలికలు, గుర్తుంచుకొనవలెను. మన దేశమున స్త్రీలలోను, పిల్లలలోను రక్తహీనత అధికముగా నున్నది. దానికి ముఖ్య కారణము ఇనుము లోపించుట. ధాన్యములలోను, పప్పులలోను, ఆకుకూరలలోను ఇనుము ఉన్నను, అది మన ప్రేగులకు సులభముగా పట్టదు. 'సి' విటమిను తోడైనచో ఆ ఇనుము చక్కగా పట్టును. కావున జొన్నరొట్టెతోనో పప్పన్నముతోనో పచ్చి మామిడి ముక్కలను గాని, అప్పుడే నూఱిన తొక్కును గాని, భోజనాంతమున పండును గాని తినుట ఎంతయు ఉచితము. కాచిన కొలదిని 'సి' విటమిను నశించును. అందుచే మామిడికాయ పప్పు వండునప్పుడు ముక్కలను మిక్కిలి ఉడుకనీయక తుదిలో వేయుట మేలు.

మూడవది ఫోలిక్ ఆమ్ల వర్గమునకు చెందిన విటమిను. క్రొత్త రక్తకణములు పుట్టుటకు, గర్భస్థ శిశువు సక్రమముగా పెరుగుటకు ఇది కావలెను. దీని చరిత్రలో ఒక తెలుగువాని పేరు శాశ్వతముగా నిలిచియున్నది. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, స్ప్రూ అను వ్యాధిచే తన సోదరులను కోల్పోయెను; తానును ఆ వ్యాధికి గురియై కోలుకొనెను. తరువాత అమెరికా దేశమునకు వెళ్లి, లెడర్లీ పరిశోధనాలయమున పరిశోధకుల బృందమునకు నాయకుడై, 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారు చేయించెను. స్ప్రూ వ్యాధికి అది మంచి మందుగా పనిచేసినది. ఆ మహనీయుడు ప్రయోగశాలలో సాధించిన ఆ పదార్థపు వర్గములోని విటమినునే ప్రకృతి మామిడిపండులోను, ఆకుకూరలలోను, పప్పులలోను ఉంచినది.

ఇవిగాక మామిడిలో పీచుపదార్థము కలదు. అది మలబద్ధకమును పోగొట్టును. పొటాసియము అను లవణము కలదు. అది కండరముల పనికిని, రక్తపుపోటు అదుపులో నుండుటకును తోడ్పడును.

వేసవిలో పచ్చి మామిడి చేయు మేలు వేఱొకటి కలదు. కాయను ఉడికించియో, నిప్పులపై కాల్చియో, గుజ్జు తీసి, నీరు, బెల్లము, చిటికెడు ఉప్పు, జీలకఱ్ఱపొడి కలిపి పానకము చేయుదురు. ఎండలో పనిచేయువారికి చెమట రూపమున నీరును, లవణములును నష్టమగును. ఈ పానకము వానిని కొంతవఱకు పూరించును. కొలిమి చెంతను, రేకుల కప్పుల క్రిందను పనిచేయు కార్మికులకు ఇది చౌకయైన, హితకరమైన పానీయము. ఐనను వడదెబ్బ తగిలి స్పృహ తప్పినవానికి పానకము పోయుటకు ప్రయత్నింపరాదు. వానిని నీడకు చేర్చి, దేహమును తడిబట్టలతో చల్లబఱచి, వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను.

సీసాలలో అమ్ము మామిడి పానీయములను పండుతో సమానముగా భావించుట పొరపాటు. పండ్లరసపు పానీయమున నూటికి పది పాళ్లు రసమున్నను చాలునని మన దేశపు నియమము. తక్కినది నీరును, చక్కెరయును. పండులోని పీచు అందు మిగులదు. ఆ ధనముతో ఒక పండు కొనుట వివేకము.

మామిడి ఋతువు కొలది నెలలే. అందుచే మన పూర్వులు దానిని నిలువచేయు పద్ధతులను కనుగొనిరి. కాయ ముక్కలను ఎండబెట్టి ఒరుగులు చేసిరి. రసమును చాపలపై పొరలు పొరలుగా ఆరబెట్టి తాండ్ర చేసిరి. ఉప్పు, కారము, నూనె చేర్చి ఊరగాయలు పెట్టిరి. ఇవి రుచికరములే. కాని ఎండలోను, నిలువలోను 'సి' విటమిను చాలవఱకు నశించును. ఊరగాయలో ఉప్పు మిక్కుటము. దినమునకు 5 గ్రాములలోపల ఉప్పు తినవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించుచున్నది. కావున ఊరగాయను నంజుకొనుటకే తప్ప కూరకు బదులుగా వాడరాదు.

మంచి పండు తినుటకు ముందు అది మంచి విధముగా పండినదా యని చూడవలెను. ముదిరిన కాయను వరిగడ్డిలో మాగబెట్టుట మన యలవాటు. కాయ తనంత తానుగా ఎథిలీన్ అను వాయువును విడుచును. గడ్డి ఆ వాయువును, వెచ్చదనమును చెదరనీయక కాపాడుటచే కాయలన్నియు క్రమముగా పండును. కొందఱు వర్తకులు లాభాపేక్షచే ముదురని కాయలను కోసి, కాల్షియమ్ కార్బైడ్ అను రసాయనముతో త్వరగా రంగు తెప్పింతురు. ఈ రసాయనమునకు తడి తగిలినచో ఎసిటిలీన్ వాయువు పుట్టును. చిట్కుల్ పరిసరముల వెల్డింగు పనివారు ఇనుమును కోయుటకు వాడు వాయువు ఇదియే. బజారున దొరకు కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ అను విషపదార్థముల కల్తీ స్వల్పముగా ఉండును. అందుచే మన దేశమున దీనితో పండ్లను పండించుట నిషేధింపబడినది. 2015లో హైదరాబాదులోని ఉన్నత న్యాయస్థానము ఈ దురాచారమును తనంత తానుగా విచారణకు స్వీకరించి అధికారులను హెచ్చరించినది. పది లక్షల పాళ్లకు 100 పాళ్లకు మించకుండ ఎథిలీన్ వాయువును గదులలో వాడుటకు మాత్రము అనుమతి కలదు.

పై వన్నె అంతటను ఒకే తీరుగా పసుపై, తొడిమ వద్ద సువాసన లేక, కోసినప్పుడు లోపల తెల్లగా, పుల్లగా నున్న పండును అనుమానింపవలెను. మచ్చయున్నను పరిమళించు పండు మేలు. తినుటకు ముందు పండ్లను శుభ్రమైన నీటిలో కొంతసేపు ఉంచి, చక్కగా కడుగవలెను. తొడిమ వద్ద కారు సొన పెదవులకు, చర్మమునకు తగిలినచో పొక్కులు లేచును. దుమ్మును, మందుల శేషమును కొంతవఱకు తొలగును. ఇచట 'శుభ్రమైన నీరు' అను మాట ముఖ్యము. కర్మాగారముల వ్యర్థజలములచే నక్కవాగు పరిసరములలోని నీరును, నేలయు కలుషితమైన సంగతి 1990లో సర్వోన్నత న్యాయస్థానము వఱకు వెళ్లినది. ఆహారము మంచిదైనను కడుగు నీరు చెడ్డదైనచో ప్రయోజనము లేదు.

'అతి సర్వత్ర వర్జయేత్' అను సూక్తి మామిడికిని వర్తించును. జాతీయ పోషకాహార సంస్థ వారి 2024 నాటి సూచనల ప్రకారము దినమునకు 100 గ్రాముల పండ్లు తినుట యుక్తము. పండులోని చక్కెర స్వల్పము కాదు. మధుమేహము గలవారు వైద్యుని సలహాపై, అన్నమును తగ్గించుకొని, కొలది ముక్కలు మాత్రమే తినవలెను. అన్నము మాని పండ్లతోనే కడుపు నింపుకొనుట బిడ్డలకును తగదు. దానివలన మాంసకృత్తుల లోపము కలుగును.

ఒక మామిడి మొక్క నాటుట యనగా రాబోవు తరములకు ఆహారమును, నీడను సమకూర్చుట. అంటుమొక్క నాలుగైదు ఏండ్లలో కాపునకు వచ్చి, పెక్కు దశాబ్దములు ఫలమిచ్చును. పాఠశాల ఆవరణములోను, ఇంటి పెరటిలోను స్థలమున్నచోట ఒక మొక్కను నాటి పెంచవలెను. కర్మాగారముల పొగ వ్యాపించిన ప్రాంతమున పచ్చని చెట్టు విలువ మఱింత హెచ్చు. విద్యార్థులు తాము నేర్చిన ఈ సంగతులను ఇంటివారికి చెప్పి, బజారులో మంచి పండు నెన్నుకొనుట, శుభ్రముగా కడుగుట, మితముగా తినుట అలవాటు చేసినచో, చదువు పుస్తకమునందే నిలిచిపోక గృహమునకు ఆరోగ్యమును చేకూర్చును.